మేడ మీద ముత్తు కునుకు

ఈ రోజు మా ఊళ్లో నెలవారీ షట్‌డౌన్. పొద్దున పోయిన కరెంటు సాయంత్రం దాకా రాదు. ఫ్యాను లేకపోతే మనం విసనకర్రతో సరిపెట్టుకుంటాం. మా ముత్తుకు మాత్రం వెచ్చటి దీపం లేకపోతే తిన్నది అరగదు. ముత్తు అంటే నేను పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్. గడ్డం కింద ముళ్లున్న మూరెడు తొండ. అందుకే వాడికి ఏమీ పెట్టకుండానే పనికి వెళ్లాను.

మధ్యాహ్నం వచ్చి చూస్తే అద్దాల పెట్టె ఖాళీ. ఆర్నెల్లుగా "ఆ తొండను బయట విడిచిపెట్టురా" అని పోరుతున్న మా అవ్వ కూడా కనపడలేదు. గదులన్నీ వెతికాను. మేడ మీదికి పరిగెత్తాను.

వీధిలో ఏ చప్పుడూ లేదు. కొండల మీద మబ్బు కదలడం లేదు. పాత చీర మీద వడియాలు ఎండుతున్నాయి. పక్కనే అవ్వ తల మీద గొడుగు, ఒళ్లో ఎండ. ఆ ఎండలో చేతులు వెనక్కి చాచుకుని ముత్తు, వాడి ముందు సగం తిన్న మునగాకు రెమ్మ.

"అవ్వా!" అని అరిచాను.

"సత్తం చెయ్యొద్దురా! పావం, చల్లగ ఉండినాడు, ఎండకు తెచ్చినాను. మురుంగకీరై తిన్నాడు. కాకి వస్తే గడ్డం నల్లగ ఉబ్బించినాడు, ఒక వడియం పోలేదు. ఇప్పుడే పండుకొన్నాడు."

చిన్నప్పుడు నేను పగలు పడుకుంటే నీళ్లు చల్లి లేపిన అవ్వే ఈమె! మెల్లగా పక్కన కూర్చున్నాను. వాడి కనురెప్పలు చూస్తూ చూస్తూ నేనూ నిద్రపోయాను.

మీ ఇళ్లలోనూ ఇలా పార్టీ మార్చిన పెద్దవాళ్లున్నారా?

సాయంత్రం కరెంటు వచ్చింది. వచ్చే నెల షట్‌డౌన్ ఎప్పుడని అవ్వ అప్పుడే అడిగింది.