కుండీ వెనక చెయ్యి

2021లో, చనిపోయినవాళ్లని తల్చుకునే పెద్దల పండగ ఇంకో వారం ఉందనగా, మదనపల్లెలోని నా ఫోటో స్టూడియోకి పుంగనూరు నుంచి రెడ్డెమ్మక్క వచ్చింది. అరవై దాటిన మనిషి. కొంగులో చుట్టి, ఫ్రేము కట్టిన ఒక నలుపు తెలుపు ఫోటో తెచ్చింది. పుంగనూరులో ఒకప్పటి ఫోటోగ్రాఫరు ఇంటి తోట అది. క్రోటన్ కుండీల ముందు ఐదేళ్ల రెడ్డెమ్మక్క బిగుసుకుని నిలబడి ఉంది. పక్కన స్టూలు మీద ఏడాది తమ్ముడు.

"పెద్దది సేసియ్యప్పా. పెద్దల పండక్కి పెట్టుకోవాల" అంది.

"పెద్దల పండక్కి పిల్లకాయల ఫోటోనా? ఇంకా గట్టిగానే ఉండావు కదక్కా, అంత తొందర యాల?"

ఆమె ఏదో చెప్పబోయింది. నా జోకుకి నేనే నవ్వుకుంటూ రసీదు రాసిచ్చేశాను. ఏడో తరగతితో బడి మానేశాను గానీ, అయ్యవారి ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పే రోగం మానలేదు.

ఫోటో చెమ్మకి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. ముందు అద్దం మీదుగానే స్కాన్ చేసి, తర్వాత ఊడదీశాను. మధ్యలో కొంత పొర అద్దంతోనే పోయింది. స్కాన్ ఉంది కదా అని ధీమా. ఇక రీటచింగ్, అంటే మచ్చలూ గీతలూ తుడవడం. తమ్ముడి నడుం దగ్గర తెల్లటి మరక ఒకటి కనబడింది. క్లోన్ టూల్‌తో, అంటే పక్కనున్న ఆకుల్నే కాపీ చేసి అతికించే పనిముట్టుతో, కప్పేశాను. అదే ఫైలు మీద సేవ్ కొట్టాను.

మూడోరోజు రెడ్డెమ్మక్క వచ్చి చూసి, "మా అమ్మ యాడప్పా?" అంది.

"దీంట్లో ఉండేది ఇద్దరు పిల్లకాయలే కదక్కా!"

"కుండీ ఎనకాల కూసోని, తమ్ముడు పడకుండా పట్టుకోనుండె. ఫోటో దిగితే ఆయుస్సు తగ్గతాదని ఆయమ్మ ఎప్పుడూ దిగలేదు. నాకుండేది ఆ సెయ్యొకటే."

అసలు ఫోటో తీసి చూశాను. ఊడిపోయింది సరిగ్గా ఆ చోటే. ఫైల్లో ఆకులు కప్పి, పాత స్కాన్ మిగలకుండా దాని మీదే సేవ్ కొట్టింది నేనే.

"ఇంకో కాపీ ఉండాదా అక్కా?"

"కుప్పంలో తమ్ముని కాడ ఉండాల. ఉండాదో లేదో."

"రేపే పోతా. పండక్కి మీయమ్మ మీ ఇంట్లో ఉంటాది."

తెల్లారి ల్యాప్‌టాప్, స్కానరు చంకనేసుకుని బస్సెక్కాను. తమ్ముడు మునెప్ప అటకంతా దించాడు. మధ్యాహ్నం దాటాక ట్రంకుపెట్టె అడుగున, పాత పంచాంగంలో దొరికింది. "నా ఏడుపు మొగం సూడన్నా. మాయమ్మ ఎనకనుంచి గిల్లుంటాది" అన్నాడు. వచ్చినప్పటినుంచి నేను నవ్విందప్పుడే. మూడుసార్లు స్కాన్ చేసి, మూడుచోట్ల దాచుకున్నాను.

స్టూడియోలో పెద్దది చేసి చూస్తే నాలుగు వేళ్లు, రెండు గాజులు. మిగతా ఫోటో అంతా తుడిచాను. ఆ చేతి దగ్గర గీత ఉన్నా ముట్టలేదు.

పండగ ముందురోజు రెడ్డెమ్మక్క తన చెయ్యి దాని పక్కన ఆనించి చాలాసేపు చూసుకుంది.

అప్పటినుంచి పాత ఫోటో ఎవరు తెచ్చినా, "దీంట్లో మీకు కావాల్సిందేదో ఏలు పెట్టి సూపించండి" అంటాను. చూపించేదాకా జోకులు బంద్. నా కంటికి అన్నీ దొరకవని ఆమె ఆరోజే చెప్పింది, ఫోటో కొంగులో చుట్టుకుంటూ:

"ఆ గాజులు పచ్చవప్పా. నీకు కనపడవులే."