ఎలుకలు కొట్టిన బొఖారా తివాచీలు

ఎర్రిస్వామి మామ చివరిగా చేసిన పని, హిందూపురం ఆసుపత్రిలో తనకు కప్పిన రగ్గును తిరగేసి చూడటం. "మిల్లు సరుకు" అని పెదవి విరిచి, దాన్నే గొంతుదాకా లాక్కుని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

దేన్నయినా తిరగేసి చూడనిదే ఆయనకు నమ్మకం కుదరదు. చేసేది చింతపండు వ్యాపారం, పిచ్చి మాత్రం బొఖారా తివాచీలది. బెంగుళూరులో దొరలు ఖాళీ చేసిన బంగళాలో వేలమంటే చాలు, ఆయన మండీకి తాళం పడేది. ఎక్కడో తుర్కమేను గుడారాల్లో నూరేళ్ళ కిందట ఆడవాళ్ళు ముడి ముడీ వేసి నేసిన ఎర్ర తివాచీలవి. చింతపండు బస్తాల పక్కన చుట్టలుగా నిలబడి ఉండేవి. వాటి మీద ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు. "ముందర పక్క అందరికీ నవ్వుతాదమ్మా. వెనక పక్క ముడులు చూడాల. నిజం ఆడుంటాది" అనేవాడు నాతో.

పెనుకొండలో ఒక పెళ్ళికి పోయి జంఖానా అంచు ఎత్తబోతే, దాని మీద కూర్చున్న పెళ్ళికొడుకు తండ్రి వెల్లకిలా పడ్డాడు. "ఏమప్పా, పెండ్లికొచ్చినావా, జంఖానా బేరానికొచ్చినావా?" అని ఆయన మండిపడితే, "దీంట్లో ముడుల్లేవు. నిమ్మళంగా కూచో" అన్నాడు మామ.

మా నాయన ఆయనకు స్నేహితుడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. యాభై ఆరులో నాయన పోయాక మగ్గం ఆగింది. మా అమ్మ తిప్పమ్మ ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోదు. మామ పంపిన రాగుల మూట అదే బస్సులో వెనక్కి పోయింది. నన్ను బడి మాన్పించి కండెలు చుట్టే పనిలో పెట్టాలని అమ్మ నిశ్చయించిన వారమే, మామ భుజాన తివాచీ చుట్టతో దిగాడు.

"నా మండీలో ఎలుకలు పడినాయి తిప్పమ్మా. ఈ బొక్క నువ్వు పూడిస్తే గానీ నాకు కూడు దిగదు."

అమ్మ ఒక ముడి విప్పి చూసి, ఆ పనితనం పట్టుకుంది. గుడిబండ గొర్రెల ఉన్నికి ఎర్రరంగు వేసి, బొక్క పూడ్చి, కూలి తీసుకుంది. అది మొదలు నెలకొక తివాచీ, ఎనిమిదేళ్ళు. మా బజారంతా నవ్వింది. బస్తాల కొద్దీ చింతపండు వదిలేసి బొఖారా మాత్రమే తినే ఎలుకలు హిందూపురంలోనే ఉంటాయట. పక్కింటి కొండమ్మ జాలిపడి ఒక పిల్లినిచ్చింది. మామ దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కి, దారిలో పెనుకొండ హోటలాయనకు దానం చేసేశాడు.

"ఈ నెల ఎలుకలు బాగా తినె కదన్నా" అనేది అమ్మ, మొహంలో నవ్వు లేకుండా.

"వాటి కడుపు నిండేది కాదులే తిప్పమ్మా" అనేవాడు. పూడ్చిన దాన్ని తిరగేసి చాలాసేపు చూసి, చుట్టుకుని పోయేవాడు.

ఆ ఎలుకల పుణ్యాన నేను పంతులమ్మనయ్యాను.

మామ పోయాక ఆయన కొడుకు ఒక తివాచీ తెచ్చి, నాయన మీకిమ్మన్నాడని పెట్టి పోయాడు. అన్నేళ్ళూ నేను ముందర పక్కే చూశాను. ఆ రోజు తిరగేశాను. అతుకులన్నీ నలుచదరం. అంచులు కత్తెర పెట్టి కోసినంత తిన్నగా ఉన్నాయి. ఈగను వాలనివ్వని మనిషి.

"అమ్మా, ఇవి ఎలుకలు కొట్టినవి కావు."

అమ్మ చేటలో రాళ్ళేరుతూ తలెత్తలేదు. "మొదటి దాంట్లోనే తెలిసింది లే పాపా. ఎలుక యాడన్నా గీత గీసుకోని కొరుకుతాదా?"

"మరి మామతో అనలేదే?"

"నోటితో అంటే రాడు. అన్న చూసే తావునే చెప్పినా."

మళ్ళీ చూశాను. ప్రతి అతుకు మూలలో, వెనక పక్క మాత్రమే కనబడేలా, నాయన మగ్గం మీద మిగిలిన తెల్లపట్టు పోగు ఒకటి ముడి వేసి ఉంది.