పూజలో పెట్టిన ఇనుప గుండు

నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. డైరీలో కూడా రాయలేదు. సికింద్రాబాద్ స్టేషన్లో వంతెన మెట్లెక్కి పైకి చేరగానే ఫోన్ తీసి చెవికి పెట్టుకునేదాన్ని. "ఆ, వచ్చేశా, ఒక్క నిమిషం" అనేదాన్ని. అవతల ఎవరూ ఉండేవారు కాదు. ఆయాసం తగ్గేదాకా నిలబడటానికి అదొక సాకు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల నాలుగు మెట్లెక్కి రొప్పుతోందని జనం అనుకుంటారేమోనని భయం. నా వెనకాల ఎక్కిన పెద్దవాళ్ళు సంచులతో సహా నన్ను దాటిపోతుంటే, ఆ లేని మనిషితో ఇంకాస్త శ్రద్ధగా మాట్లాడేదాన్ని.

అలాగే గడిచిపోయేదేమో గానీ, రైల్వేలో ఒక ఉద్యోగానికి రాత పరీక్ష పాసయ్యాను. కింది స్థాయి ఉద్యోగమే. కానీ దానికి ఇంటర్వ్యూ లేదు. అంతకుముందు రెండు మూడు చోట్ల ఇంటర్వ్యూలకు వెళ్ళి, మీ గురించి చెప్పండి అనగానే గొంతు పెగలక తిరిగొచ్చినదాన్ని. ఇంట్లో ఒంటరిగా ఉంటే పుస్తకంలోని పేజీలకు పేజీలు పైకి చదువుకోగలను. ఎదురుగా ముగ్గురు కూర్చుంటే నా పేరు కూడా సరిగ్గా చెప్పలేను. ఈ ఉద్యోగానికి ఎవరూ ఏమీ అడగరు. ఇసుక మూట ఎత్తుకుని, మధ్యలో కింద పెట్టకుండా, మైదానంలో అవతలి గీత దాటాలి. తర్వాత పరుగు. నోరు విప్పకుండా నేను సంపాదించుకోగల ఉద్యోగం ఇదొక్కటే అనిపించింది. పోగొట్టుకోకూడదని గట్టిగా అనుకున్నాను.

పద్మారావు నగర్‌లో మా పై అంతస్తులో ఒక అక్క ఉంటుంది. బోయిగూడలో పుట్టి పెరిగిన మనిషి. పొద్దున్నే టెర్రస్ మీద ఆడవాళ్ళ చేత కసరత్తు చేయిస్తుంది. ఆ నెల అందరికీ ఒక ఛాలెంజ్ పెట్టింది. కెటిల్‌బెల్ అని, పైన పిడి ఉన్న ఇనుప గుండు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కాళ్ళ మధ్య నుంచి ఛాతీ ఎత్తు దాకా ఊపాలి. నెల తిరిగేసరికి పదివేల ఊపులు పూర్తి కావాలి. రోజూ సాయంత్రం ఎవరి లెక్క వాళ్ళు ఫోన్ గ్రూపులో పెట్టాలి. పరీక్ష సంగతి చెబితే, "ఇది జెయ్, మూట ఎత్తుడు నీకు ఆట అయితది" అని ఒక గుండు నా చేతికిచ్చింది.

మొదటిరోజే అక్క అందరి ముందూ నా తప్పు పట్టుకుంది.

"ఏందీ, గిట్ల గుంజుతున్నవ్? బాయిల నీళ్ళు తోడుతున్నవా?"

"చేతులు నొప్పెడుతున్నాయక్కా."

"పెడ్తయ్ మరి. చేతులతోటి ఎవరు లేపమన్నరు నిన్ను? నడుము ఎన్కకు నూకు, జెర గట్టిగ ముందుకు కొట్టు. గుండు దానంతట అదే లేస్తది."

దానంతట అది లేవలేదు. ఆ నెలంతా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. మిగతా ఆడవాళ్ళు కూరల సంగతీ పనిమనుషుల సంగతీ మాట్లాడుకుంటూనే ఊపేసేవారు. నేను నోరు మూసుకుని ఊపినా వెనకబడేదాన్ని. గ్రూపులో నా లెక్క ఎప్పుడూ చివరనే. అంకె కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టి, అందరూ నిద్రపోయారనుకున్నాక పంపేదాన్ని. వెంటనే ఎవరో ఒకరు చప్పట్ల బొమ్మ పెట్టేవారు. ఆ చప్పట్లు చూస్తే ఇంకా చిరాకు. చివరికి టెర్రస్ మానేసి, గుండు మా బాల్కనీలోకి తెచ్చుకుని ఒంటరిగా చేయడం మొదలుపెట్టాను.

అక్కడ అమ్మ ఉంది. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మిషను బాల్కనీ తలుపు పక్కనే.

"ఆడపిల్లలు అంతంత బరువులెత్తితే గర్భసంచి జారుతుందే."

"జారదమ్మా."

"నీకు డాక్టరు చెప్పాడా?"

"నీకు చెప్పాడా?"

"నాకు మా అమ్మ చెప్పింది" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఇక ఆ చప్పుడులో నా మాట వినిపించదు.

మూడో వారంలో ఒకరోజు వంతెన ఎక్కి, దిగి, ప్లాట్‌ఫాం మీదికి వచ్చాక గానీ ఫోన్ తీయలేదన్న సంగతి గుర్తు రాలేదు. అంత సంతోషం ఎవరితో చెప్పుకోవాలి? అసలు సంగతి ముందు చెబితేనే కదా. కాబట్టి ఎవరికీ చెప్పలేదు. లెక్క మాత్రం మరింత పట్టుదలగా పట్టుకున్నాను. పదివేలు పూర్తయితే ఉద్యోగం వచ్చినట్టే అన్న పిచ్చి నమ్మకం ఒకటి మనసులో కుదిరిపోయింది. ఛాలెంజ్ ఆఖరి వారంలోనే దసరా. పండగ కాగానే మూట మోసే దేహదారుఢ్య పరీక్ష.

నవమి నాడు లేచి బాల్కనీలోకి వెళితే గుండు లేదు. నేల మీద తుప్పు గుండ్రంగా అంటుకుని ఉంది. హాల్లోకి వచ్చి చూశాను. అమ్మ కుట్టుమిషను పక్కన, కత్తెరల ముందు, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పిడికి బంతిపూల దండ చుట్టి నా గుండు ఉంది. నేను సగం చదివిన నవల కూడా పూజలోనే ఉంది.

"ఇదేంటమ్మా?"

"ఆయుధ పూజ."

"అది కనిపిస్తూనే ఉంది. దాన్నెందుకు పెట్టావు?"

"నీ పనిముట్టు కదే. నా మిషను పెట్టాను, మీ నాన్న స్కూటరుకు బొట్టు పెట్టాను. నీదొక్కటే బయట వదిలేస్తే ఏం బాగుంటుంది?"

"నాకు ఇవాళ కావాలి."

"రేపు దశమి పూజ అయ్యాక తీసుకుందువుగాని. ఎన్ని జాకెట్లు ఇవ్వాల్సి ఉన్నాయో తెలుసా? నా మిషనే ఆగింది. నీ గుండుకేం తొందర?"

పేపరు వెనక నుంచి నాన్న అన్నాడు. "దాన్ని ఇక్కడికి మోసుకొచ్చేసరికి మా ఇద్దరి నడుములూ పోయాయి. ఇవాళకి దాని జోలికి పోకమ్మా."

నెలంతా దాన్ని తిట్టిన మనిషి ఇప్పుడు దానికి బొట్టు పెట్టింది. అది నా కోసమేనని తెలుసు. అందుకే అరవలేకపోయాను. అరవలేకపోయినందుకు ఇంకా ఉక్రోషం. మేడ మీదికి పరుగెత్తి అక్కను ఇంకో గుండు ఇమ్మన్నాను.

"మాయి సుత పూజల్నే ఉన్నయ్. రెండు దినాలు ఆరామ్ చెయ్. పరీక్ష ముంగట చేతులకు మంచిదే."

"లెక్క తప్పుతుందక్కా."

"తప్పితే తప్పనియ్. లెక్కేమన్న నీకు నౌకరీ ఇస్తదా?"

ఆ మాట వినాల్సింది. వినలేదు. దశమి రాత్రి భోజనాలయ్యాక గుండు నా చేతికి వచ్చింది. మర్నాడు పొద్దున్న తలుపు వేసుకుని, పోయిన రెండు రోజులవీ, ఆనాటివీ, అన్నీ కలిపి ఒక్కసారే ఊపేశాను. పిడికి ఇంకా పసుపు అంటుకుని ఉంది. చెమటకు అది జిగటగా మారి, చేయి పట్టు తప్పినప్పుడల్లా ఇంకా గట్టిగా బిగించాను. ఆయాసం రాలేదు. ఆ గర్వంలో మంట పట్టించుకోలేదు. ఆపి చూస్తే రెండు అరచేతుల్లోనూ వేళ్ళ మొదట్లో చర్మం లేచి వచ్చింది. గ్రూపులో పదివేలు పెట్టాను. చప్పట్లు వచ్చాయి. అక్క మాత్రం ఫోన్ చేసి, "చేతులు చూపియ్" అంది. చూపించలేదు.

పరీక్ష ఆ మర్నాడే, మౌలాలి వైపు ఒక మైదానంలో జరిగింది. అమ్మ గేటు బయట ఉండిపోయింది. చేతులకు గుడ్డ చుట్టుకుని ఉన్నాను. చలికి అని అమ్మకు అబద్ధం చెప్పాను, చలే లేదు. ఖాకీ చీర కట్టుకున్న ఒకావిడ, మా అమ్మ వయసే ఉంటుంది, ఒక్కొక్కరి పక్కనే నడుస్తూ చూస్తోంది. మూట కింద పెడితే రెండో అవకాశం లేదని ముందే చెప్పింది.

మూట భుజం మీదికి బాగానే లేచింది. నడుము అక్క చెప్పినట్టే పనిచేసింది. సగం దూరం దాటాను. ఊపిరి హాయిగా ఆడుతోంది, నా ముందున్న అమ్మాయి రొప్పు నాకు వినిపిస్తోంది. ఆమెను దాటేస్తానని కూడా అనుకున్నాను. అప్పుడు మూట మూతి పట్టుకున్న చేతిలో గుడ్డ జారింది. గోనె నేరుగా పచ్చి చర్మం మీద రాసుకుంది. వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. మూట వీపు మీదుగా జారుతుంటే రెండో చేత్తో ఆపబోయాను. ఆ అరచేయి ఇంకా అన్యాయంగా ఉంది. గీత కనిపిస్తూనే ఉంది. మూట నేల మీద పడింది.

నా ముందున్న అమ్మాయి రొప్పుతూనే గీత దాటి, అక్కడే కూలబడి, నవ్వింది. నేను మూట పక్కన నిటారుగా నిలబడి ఉన్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. అమ్మ మీదా, పూజ మీదా, పదివేల మీదా, దేని మీదకు పోయినా ఆ కోపం తిరిగి నా దగ్గరికే వస్తోంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఖాకీ చీర ఆవిడ నా దగ్గరికి వచ్చి, నా ముఖం వైపూ మూట వైపూ మార్చి మార్చి చూసింది. చెప్పడానికి ఒక్క మాట చాలు. వెనకాల పిడికిళ్ళు ఇంకా బిగించాను.

ఆవిడ తన కాగితంలో నా నంబరు మీద గీత కొట్టి, మెల్లగా అడిగింది.

"ఆయాసం సుత వస్తలేదు గదా బిడ్డా నీకు. మరెందుకు కింద పెట్టినవ్?"