మెడ కొలత

అందరూ ఆయన్ని కత్తెర మాస్టరు అంటారు. కత్తెర మాట ఎలా ఉన్నా, నాలుకకు మాత్రం ఏనాడూ సాన పట్టాల్సిన అవసరం రాలేదు. ఆ నాలుక ఎక్కువగా ఆడింది సొంత వదిన మీదే. అన్న పోయాక ఆవిడ మరిది కుట్టుదుకాణంలోనే కాజాలు కుట్టి, బొత్తాలు వేసి బతుకుతోంది.

రెండేళ్ల కిందట వదిన వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున పదింటి దాకా పిడికిలి ముడుచుకోదు. రుమటాయిడ్ కీళ్లవాతమని డాక్టరమ్మ మాత్రలు రాసింది. వాపులు తగ్గాయి గానీ మనిషి తేరుకోలేదు. మధ్యాహ్నానికి కూర్చున్నచోటే కునుకు. ఒళ్లు బరువెక్కింది. ఎండాకాలంలోనూ చలి అంటుంది.

"మందు కీళ్లకు పని చేసింది గానీ బద్ధకానికి పని చేసినట్టు లేదు వదినా," అన్నాడు మాస్టరు, బేరానికొచ్చిన నలుగురి ముందు. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది.

కొన్నాళ్లకు వదిన, చలికని చీర మీద తొడుక్కునే చొక్కా మెడ బొత్తం పట్టడం లేదని వచ్చింది. టేపు వేసి చూస్తే మెడ ముప్పావు అంగుళం పెరిగింది. నడుము నెలకో మాట చెబుతుంది, మెడ అంత తొందరగా మాట మార్చదు అని పనివాళ్లకు ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న పెద్దమనిషి, అదే నోటితో, "కూర్చుని తింటే మెడకూ కొవ్వు పడుతుంది" అన్నాడు. బొత్తం జరిపి కుట్టి, ఏదో ఉపకారం చేసినట్టు చొక్కా చేతిలో పెట్టాడు. మర్నాడు కాజాల పని ఇంకొకావిడకు ఇచ్చి, వదిన చేతికి చీపురిచ్చాడు.

మళ్లీ ఆస్పత్రికి వెళ్లే రోజున ఆవిడ నడవలేకపోతే మాస్టరే తోడు వెళ్లాడు. డాక్టరమ్మ రెండు వేళ్లతో మెడ తడిమింది. "ఈ వాపు ఎన్నాళ్లుగా ఉంది? ఇంట్లో ఎవరూ చూడలేదా?" అంది.

రక్తపరీక్షలో మెడలోని థైరాయిడ్ గ్రంథి మందగించిందని తేలింది. "ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ల మీద తిరగబడింది. ఇలాంటివాళ్లలో కొందరికి అది థైరాయిడ్ మీదా పడుతుంది. నీరసమంతా కీళ్లవాతానిదేలే అని వదిలేయకూడదు. రోజూ మాత్ర వేసుకుంటే మెల్లగా సర్దుకుంటుంది," అంది డాక్టరమ్మ.

బయటి బల్ల మీద కూర్చున్నాక మాస్టరుకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"నేను చూశాను వదినా. చూసి కూడా ఎగతాళి చేశాను. రేపటి నుంచి కాజాలు నీవే."

వదిన మందుచీటీ మడత పెట్టుకుంది.

"నిన్ను అని ఏం లాభం అబ్బాయ్. నువ్వన్నాక నాకూ నిజమేననిపించింది. లేవలేని ప్రతి పొద్దునా సోమరిదానా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. సిగ్గేసి ఈ నీరసం సంగతి డాక్టరమ్మకు ఏనాడూ చెప్పలేదు."