ఈశాన్యం మూలన మగ ఎలుక

ఒక ఎలుక డబ్బాను ఈ మూల నుంచి ఆ మూలకు జరిపితే, రెండేళ్ల పరిశోధన, ఒక మేడం పరువు, ఒక కుర్రాడి ఉద్యోగం ఒక్క నిమిషంలో ఎట్లా గల్లంతవుతాయో చెబుతాను. ఆ కుర్రాణ్ణి నేనే. తలుచుకుంటే ఇప్పటికీ నోట మాట రాదు. అందుకే రాస్తున్నాను, చేతికి సిగ్గు తక్కువ.

సిద్దిపేట శివార్లలో ఓ చిన్న ప్రయోగశాల. అందులో నేను తాత్కాలిక సహాయకుణ్ణి. మా రాధిక మేడం మగ ఎలుకల వీర్యకణాల్లోకి షుగరు జబ్బుకు సంబంధించిన జన్యువును ఎక్కించేది. దాని వెంట గుర్తుగా జెల్లీఫిష్ జన్యువు ఒకటి. ఆ కణాలతో పుట్టిన పిల్లలు ఊదా లైటు కింద పచ్చగా మెరవాలి. మెరిస్తే మందుల పరీక్షలకు పనికొస్తాయి, నా ఉద్యోగం పర్మనెంటవుతుంది.

మధ్యలో చిన్న మెలిక ఉంది. ఆ కణాలతో తయారైన పిండాలను మోయాల్సిన ఆడ ఎలుకకు ముందు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన మగ ఎలుకతో కాపురం పెట్టించాలి. పిల్లలు పుట్టరు గానీ, కడుపొచ్చిందని దాని ఒళ్లు నమ్ముతుంది. అప్పుడు మన పిండాలు లోపల పెడతాం. మోసమే, కాకపోతే శాస్త్రీయమైన మోసం.

ఇదంతా అన్నం తింటూ మా అమ్మకు చెప్పాను.

"గా ఆపరేషన్ అయినోన్ని ఏ మూలకు పెట్టిన్రు బిడ్డా?"

"ఈశాన్యం మూలకు."

అమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. "ఈశాన్యమంటే సంతానం మూల. పిల్లలు పుట్టనోన్ని తీస్కపోయి గాడ కూసోబెట్టిన్రా? ఇగ మీ ఎలుకలు ఏం ఈన్తయి?"

"గది ల్యాబ్ అమ్మా. దానికి వాస్తు ఉండదు."

"గోడలున్నయా, లేవా?"

గోడలున్నాయి. జన్యుశాస్త్రంలో పీజీ చేసిన నేను కంచంలోనే వేలితో ల్యాబ్ మూలలు గీయడం మొదలుపెట్టాను.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి, ఈశాన్యంలోని డబ్బాను నైరుతికి, నైరుతిలో ఉన్న మామూలు మగ ఎలుక డబ్బాను ఈశాన్యానికి మార్చేశాను. చెబితే మేడం నవ్వుతుందని చెప్పలేదు. పేర్లు డబ్బాలకు కాక అరలకు అంటించి ఉన్నాయన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. సాయంత్రం మేడం అర మీది పేరు చదివి, ఆపరేషన్ అయిందే అనుకుని, ఆడ ఎలుకను నిశ్చింతగా ఈశాన్యంలోని మొగుడికి అప్పగించింది. తర్వాత పిండాలూ పెట్టింది.

మూడు వారాలకు డబ్బా నిండా పిల్లలు.

"జూసినవా, మూల మారంగనే," అంది అమ్మ.

వాటిని చూడటానికి, మాకు డబ్బిచ్చే సంస్థ నుంచి పెద్దసారు వచ్చాడు. ఆ రోజు కోసం అమ్మ నా తెల్లచొక్కాను రెండింతలు సబ్బుపొడి వేసి ఉతికింది.

"లైట్లు బంద్ చెయ్," అంది మేడం. ఊదా లైటు వేశాను.

ఎలుకపిల్లలు పుచ్చు వంకాయల్లా నల్లగా పడి ఉన్నాయి. గదిలో మెరుస్తున్నది నేనొక్కణ్ణే. సబ్బుపొడిలో తెలుపు కోసం కలిపే మందు మహిమకు నా చొక్కా పెళ్లిపందిట్లో ట్యూబులైటులా వెలుగుతోంది.

"అసిస్టెంటుకు గూడ జన్యువు ఎక్కిచ్చిన్రా?" అన్నాడు పెద్దసారు.

మేడం ఒక పిల్లను లైటుకు దగ్గరగా పట్టి చూసింది. "ఇవి మేం పెట్టిన పిండాలు కావు సార్. ఈ తల్లి తన సొంత పిల్లల్ని కన్నది."

"మొగోనికి ఆపరేషన్ అయిందంటిరి."

"అయింది సార్."

"మరి తండ్రెవరు?"

నేను మెల్లగా తలుపు వైపు జరిగాను. నాతోపాటు వెలుగూ జరిగింది.

"గా చొక్కా ఎటు పోతుంది?"

చొక్కా ఆగిపోయింది. అమ్మ మాట, ఈశాన్యం, నైరుతి, అన్నీ కక్కేసింది. మేడం నోరు తెరిచి ఉండిపోయింది. ఆ చీకట్లో ఎట్లా తెలిసిందంటే, ఆమె పళ్లు కూడా మెరిశాయి.

పెద్దసారు జేబులోంచి ఫోన్ తీశాడు. గొంతు తగ్గించి, "మా ఆఫీసుల ఈశాన్యంల ఏముందో ఫోన్ చేసి అడగాలె," అన్నాడు. "ఇంకోసారి చెయ్యున్రి మేడం. పేర్లు డబ్బాలకే అంటియ్యున్రి. గీ చొక్కాను పర్మనెంట్ చేసుడు మాత్రం, ఎలుకలు మెరిసినంక చూద్దాం."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"పోనీ తియ్ బిడ్డా. అంత పెద్దసారు ముందట మెరిసినోనివి నువ్వొక్కనివే గద."

కాబట్టి ప్రయోగశాల నాలుగు గోడల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఎలుక కాపురంలోనూ వేలు పెట్టను. తెల్లచొక్కాతో చీకటి గదిలో అడుగు పెట్టను. వాస్తు మాట ఎత్తను.

ఈ ప్రమాణం తూర్పు ముఖంగా నిలబడే చేశాను.