గిద్దలూరు కారులో కీచు

మార్కాపురంలో కంభం పోయే దారిలో నా దుకాణం. కార్లకు పాటల సెట్లు బిగించడం నా పని. క్యాసెట్లు నడిచిన రోజుల్లో మొదలుపెట్టాను. తర్వాత సీడీలు వచ్చాయి, పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి, ఇప్పుడు పలక కంటే పెద్ద తెరలు వచ్చాయి. వచ్చిన ప్రతిదాన్నీ మళ్లీ అ ఆల నుంచి నేర్చుకోవాల్సిందే. యాభై దాటాక నేర్చుకోవడమంటే ఒళ్లు బరువు. పైగా ఇప్పుడు వచ్చేవాళ్లు కారు దిగకముందే ఫోనులో ఒక వీడియో తెరిచి నా మొహానికి అడ్డం పెడతారు, "ఇట్ల చెయ్యాల" అని. అట్లా ఎందుకు చేయకూడదో చెప్పే ఓపిక నాకు ఎప్పుడో అయిపోయింది.

ఓపిక అయిపోయినా జనం రావడం మానలేదు. దానికి ఒకటే కారణం, నా చెవి. స్పీకర్లు ఎవడైనా బిగిస్తాడు. బిగించాక కళ్లు మూసుకుని కూర్చుని, ఎడమ తలుపుది గొంతు పట్టేసినట్టుందనీ, వెనకది రేకును అదరగొడుతోందనీ పట్టుకుని సరిచేసేవాడు కావాలంటే నా దగ్గరికే రావాలి. కనిగిరి నుంచి, పామూరు నుంచి కూడా వచ్చేవాళ్లు. దుకాణం బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయి ఏళ్లయింది. మళ్లీ రాయించలేదు. చెవులున్నాక బోర్డెందుకని నా పొగరు. ఆ చెవులే లేకపోతే నాకు తెలిసిన పని ఇంకొకటి లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, అందుకే దాని జోలికి పోయేవాణ్ణి కాదు.

పోయిన వేసవిలో గిద్దలూరు నుంచి ఒకాయన కారు తెచ్చాడు. పప్పుల వ్యాపారి, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. మెల్లగా మాట్లాడతాడు. వారంలో నాలుగు రోజులు రోడ్ల మీదే ఉంటాడట, త్రిపురాంతకం ఒకరోజు, కనిగిరి ఒకరోజు.

"తమ్ముడూ, కార్లో చిన్న కంప్యూటరు పెట్టాల. నా పాటలన్నీ దాన్లో ఉండాల. నేను నోటితో అడిగితే అది పాడాల" అన్నాడు.

"ఎంత గట్టిగా కావాలన్నా?" అని అడిగాను. అందరినీ అడిగే ప్రశ్నే అది. అద్దాలు పగలాలని చెబుతారు ఎక్కువమంది.

"గట్టిగా వద్దు. పక్క సీట్లో మనిషి నిద్రపోతా ఉంటే లేవకూడదు. అంత సన్నగా వినాల, అన్నీ తెలియాల."

ఎన్నేళ్లకు విన్నాను అలాంటి మాట! దడదడలాడించేవాళ్లకు బిగించి బిగించి నా తల దిమ్మెక్కిపోయింది. రోజుకు ఆరేడు గంటలు ఆ మోతలోనే ఉంటాను. సాయంత్రం ఇంటికి పోయాక కూడా తలలో ఏదో తిరుగుతూనే ఉంటుంది. ఈ ఒక్క కారైనా మనసు పెట్టి చేద్దామనిపించింది.

అయిదు రోజులు పట్టింది. సీట్లు ఊడదీసి, కింద పట్టా లేపి, వైర్లు లాగాను. కంప్యూటరు టిఫిను డబ్బా అంత ఉంది. దాన్ని డ్రైవరు సీటు కింద బిగించాను, తెరను డ్యాష్‌బోర్డు కోసి అందులో కూర్చోబెట్టాను. మాట వినడానికి చిన్న మైకు అద్దం పక్కన. ఆంప్లిఫయరు డిక్కీలో, దాని కింద పలకరాయి బిళ్ల. పలకల గనులున్న మా ఊళ్లో అది అలవాటు, రాయి మీద అదురు ఉండదు, కింది రేకు వేడి ఎక్కదు. ఇంక ఎర్తు వైర్లు, అంటే కరెంటు కారు రేకులోకి తిరిగిపోయే దారి. ఆంప్లిఫయరుకు డిక్కీలోనే ఒక బోల్టుకు, ముందున్న వాటికి డ్యాష్‌బోర్డు కింద ఇంకో బోల్టుకు ఇచ్చాను. పని నేర్చుకున్ననాటి నుంచి అట్లాగే ఇస్తున్నాను, ఏనాడూ తేడా రాలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం ఇంజను వేసి, తలుపులన్నీ మూసుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఆయన చెప్పినంత సన్నగా పెట్టుకుని ఒక వీణ పాట విన్నాను. బాగుంది. కొంచెం మెత్తగా ఉన్నట్టనిపించింది కానీ ఆయనకు కావాల్సింది ఆ మెత్తదనమే కదా అనుకున్నాను. ఆయన వచ్చి తీసుకుపోయాడు.

మూడో రోజుకు తిరిగొచ్చాడు.

"పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యే లోపల సన్నగా కీ అంటాంది తమ్ముడూ. ఎక్సలేటర్ తొక్కితే అదీ పెరగతాంది."

కూర్చుని విన్నాను. ఏమీ లేదు. ఏసీ ఫ్యాను చప్పుడై ఉంటుందని నచ్చజెప్పి పంపాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. అంత దూరం నుంచి ఊరికే రాడు కదా అని ఆయన తృప్తికోసం స్పీకరు వైర్లు రెండు మార్చి, అయిపోయింది పొమ్మన్నాను. దొరకని జబ్బుకు మందిచ్చిన డాక్టరు పని చేశాను.

మూడోసారి వచ్చినప్పుడు దుకాణంలో ఇంకో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. పైన ఎండ మాడ్చేస్తోంది. పొద్దుటి నుంచి ఒక జీపు డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని నా నడుము పట్టేసింది. అప్పుడాయన నెమ్మదిగా వచ్చి, "ఆ కీచు పోలేదు తమ్ముడూ" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కార్లో ఏం లేదన్నా! కీచంతా నీ చెవుల్లోనే ఉంది. పోయి డాక్టరుకు చూపించుకో!"

ఆ ఇద్దరూ నవ్వారు. ఆయన మొహం చిన్నబోయింది. కోప్పడతాడేమో, పనికిరానివాడా అంటాడేమో అని చూశాను. తాళాలు బల్ల మీద పెట్టి, "కారు ఈడనే ఉంచతా. నువ్వు నిదానంగా చూడు. నాకు తొందర లేదు" అని బస్టాండు వైపు నడిచిపోయాడు. తిట్టినా బాగుండేది. తర్వాత రెండు రోజులూ ఆ కారు దుకాణం ముందు నిలబడి ఉంటే దాని పక్కనుంచి నడవడం కూడా నాకు విసుగ్గా ఉండింది.

మూడో రోజు మధ్యాహ్నం నా భార్య క్యారియరు తెచ్చింది. రోజూ తెస్తుంది, నేను తినేదాకా కూర్చుని ఖాళీ గిన్నెలు తీసుకుపోతుంది. ఎండకు ఆమె మొహం కందిపోయి ఉంది. కూర్చోవడానికి నీడ లేక, ఆ గిద్దలూరు కారే ఇంజను వేసి ఏసీ పెట్టి, కాసేపు చల్లగా కూర్చోమన్నాను. ఆమె వెనక సీట్లో కూర్చుంది, నేను ముందు డ్రైవరు పక్క సీట్లోకి ఎక్కి అన్నం కలుపుకుంటున్నాను. పాట కూడా పెట్టలేదు, సెట్టు మాత్రం ఆన్‌లో ఉంది.

తలుపు వేసిన నిమిషానికే ఆమె మొహం చిట్లించింది.

"ఏందయ్యా ఆ కీచు? చెవిలో పుల్ల పెట్టి తిప్పతాన్నట్టుంది. దీంట్లో మనిషి ఎట్ల కూచ్చంటాడు?"

నోటి దాకా వెళ్లిన ముద్ద అక్కడే ఆగిపోయింది. ఆమెకు ఆ కారు సంగతి నేను చెప్పలేదు. గిద్దలూరాయన ఏమన్నాడో ఆమెకు తెలియదు. ముద్ద క్యారియరులో పడేసి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. చెయ్యి కూడా కడుక్కోలేదు. ఎక్సలేటరు తొక్కాను.

"ఇప్పుడో?"

"అబ్బా! ఎక్కువైంది."

కాలు తీశాను. "ఇప్పుడు?"

"తగ్గింది. పూర్తిగా పోలేదు."

మళ్లీ తొక్కాను. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది. నాకు ఇంజను చప్పుడు వినపడుతోంది, ఏసీ గాలి వినపడుతోంది, రోడ్డు మీద లారీ పోవడం వినపడుతోంది. ఆమె చెవులు మూసుకునేది దేనికో అది మాత్రం వినపడడం లేదు.

కంప్యూటరులో శబ్దాన్ని గీతలుగా చూపించే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దానికి మైకులో ఏది వినపడితే అది తెర మీద నిలువు గీతగా లేస్తుంది, లావు చప్పుళ్లు ఎడమవైపు, సన్నవి కుడివైపు. ఈ కాలం వాళ్లు దాన్ని చూసే ట్యూనింగు చేస్తారు. నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను, పాటను కళ్లతో వింటారా అని. ఆ రోజు దాన్ని తెరిచాను. తెరకు కుడివైపు, మిగతావాటికి దూరంగా, ఒక గీత ఒంటరిగా నిలబడి ఉంది. ఎక్సలేటరు తొక్కితే అది ఇంకా కుడికి జరిగింది. కాలు తీస్తే వెనక్కి వచ్చింది. ఆయన మూడుసార్లు గిద్దలూరు నుంచి వచ్చి చెప్పింది అదే. నా భార్య చెవులు మూసుకున్నది దానికే. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. భయం వేసింది.

"నీకు వినపళ్లేదా?" అంది ఆమె.

"ఎందుకు వినపడదు? ఎంత ఉందో కనుక్కుందామని నిన్ను అడిగినా" అన్నాను. ఆమె నమ్మింది. నేను తినడం మానేశానని నాలుగు మాటలు అని, గిన్నెలు సర్దుకుని వెళ్లింది.

ఆ సాయంత్రం దాకా ఇంకో పని ముట్టుకోలేదు. అది ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించే డైనమో నుంచి వచ్చే రొద అని గీత కదిలే తీరు చూడగానే తెలిసింది. ఎర్తు రెండు చోట్ల ఇవ్వడం పాత స్టీరియోలకు నడిచింది. కంప్యూటరు చేరాక ఆ రెండింటి మధ్య నుంచి డైనమో రొద స్పీకర్లలోకి దూరింది. ఇన్నేళ్ల అలవాటు కదా, నాకు అనుమానమే రాలేదు. సీట్లు మళ్లీ ఊడదీసి, ముందు ఎర్తు వైరును డిక్కీ దాకా లాగి, రంగు గీకిన ఒకే బోల్టుకు అన్నీ కలిపి బిగించాను. ఇంజను వేసి తెర చూశాను. గీత లేదు. తొక్కి చూశాను. లేదు. పని అయిపోయినప్పుడు వచ్చే సంతోషం రాలేదు. ఎందుకంటే నా చెవులకు మధ్యాహ్నం ఎట్లా ఉందో సాయంత్రమూ అట్లాగే ఉంది.

మరుసటి రోజు ఫోను చేస్తే గిద్దలూరాయన బస్సు దిగి వచ్చాడు. లోపల కూర్చుని, తలుపు వేసుకుని, ఇంజను వేసి విన్నాడు. అద్దం దించినప్పుడు ఆయన మొహం విప్పారింది.

"పోయింది తమ్ముడూ! ఒక్క చుక్క లేదు. వచ్చి కూచ్చో, విను ఎంత బాగుందో."

కూర్చున్నాను. ఆయన నన్నే చూస్తున్నాడు. బాగుందని తల ఊపి పంపేస్తే సరిపోయేది. కానీ అందరి ముందూ ఆయన్ను అన్న మాట నన్ను వదల్లేదు.

"నాకు తెలీదన్నా. అప్పుడూ ఇట్లనే ఉన్నింది నాకు, ఇప్పుడూ ఇట్లనే ఉంది. నీ చెవులు బాగున్నాయి. పోయినవి నావి."

ఆయన చెయ్యి చాపి పాట ఆపేశాడు.

"చూపించుకో తమ్ముడూ, ఇప్పుడు మిషన్లు అవీ వచ్చినాయంట" అన్నాడు. నేను ఎత్తిపొడుపుగా అన్నదే ఆయన మామూలుగా అన్నాడు. ఆ తేడాకు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇంటికి పోయేసరికి ఇంకా వెలుగు ఉంది. వరండాలో కుర్చీలో కూలబడ్డాను. నా భార్యకు నిజం చెప్పాలి, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నేల వైపు చూస్తూ ఉన్నాను. ఆమె మంచినీళ్లు తెచ్చి నా ముందు నిలబడింది. అప్పుడు చూశాను, కాళ్లకు పట్టీలు ఉన్నాయి. వెండివి, చుట్టూ చిన్న చిన్న మువ్వలు. నాలుగైదేళ్ల కిందట ఇంట్లో ఆ చప్పుడు ఆగిపోయింది. వయసొచ్చింది కదా, తీసేసి ఉంటుందిలే అనుకున్నాను. అడగలేదు. కిందికి చూడనూ లేదు.

"పట్టీలు మళ్లీ ఎప్పుడు పెట్టుకున్నావు?" అన్నాను.

"మళ్లీ ఏంది?" అంది ఆమె. "నేను తీసిందెప్పుడు?"

గ్లాసు కింద పెట్టాను.

"ఒకసారి వంటింటి దాకా పోయి రా."

"ఎందుకు?"

"ఊరికే. నడువు."

నాకేదో అయిందన్నట్టు చూసి, అయినా నడిచింది. గడప దాకా పోయి, తిరిగి నా దగ్గరికి వచ్చింది. అడుగడుగుకూ మువ్వలు ఊగాయి, ఒకదానికొకటి తగిలాయి. కళ్లార్పకుండా చూశాను.

"చాలా?" అంది.

"ఇంకొక్కసారి" అన్నాను.