పేరు పెట్టి ఏడ్చిన రోజు

మొన్నటి వానలకు మా అపార్టుమెంటు ముందు నీళ్లు నిలిస్తే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి గేటు దగ్గర్నుంచి లిఫ్టు దాకా బ్లీచింగ్ పొడి చల్లి పోయారు. మనవరాలు "ఛీ, ఏం వాసన" అంటూ కిటికీలన్నీ బిగించింది. నేను మాత్రం బాల్కనీలో కుర్చీ కదపలేదు. ఎనభై దాటిన నా ముక్కుకు కాఫీ వాసన కూడా ఆనదని ఇంట్లో అందరూ ఆటపట్టిస్తారు గానీ, ఆ ఘాటు తిన్నగా లోపలికి పోయి, నాంపల్లి స్టేషను వెనక మేం కిరాయికున్న గల్లీలో నన్ను నిలబెట్టింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా తమ్ముడు సామేలు కలరాతో పోయాడు. మా దిక్కున దాన్ని గత్తర అనేవాళ్లు. ఆ వారమంతా మా గల్లీలో ఇదే వాసన.

గల్లీ అంటే రెండు వరసల పెంకుటిళ్లు, మధ్యలో మురుగు పారే మోరీ, చివర బావి. మా నాయన రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం ఇంటికొస్తే ఆయన చొక్కా నిండా గోనెసంచుల వాసన, ముద్రలు వేసే లక్క వాసన, ఎక్కడైనా బుట్టలు చితికిన రోజైతే కమలాపండ్ల వాసన. ఎండాకాలం పొద్దు వాలగానే వాకిట్లో నీళ్లు చల్లి మంచాలు వేసేవాళ్లు, వానాకాలం ఇంజను పొగ కిందికి దిగి ఆరేసిన బట్టల మీద మసి రాలితే అమ్మ ఇంజను డ్రైవర్లందరినీ కలిపి తిట్టేది, చలికాలం వచ్చిందంటే క్రిస్మస్ పిండివంటలు మొదలయ్యేవి, గర్జెలు, మురుకులు, ఇనుప అచ్చును కాగే నూనెలో ముంచి తీసే గులాబీ పువ్వులు, వాటి చుట్టూ మేం. గోడ అవతలి ఇల్లు బాలమణిది. వాళ్లాయనకు గల్లీ మొదట్లో పప్పులూ బెల్లమూ అమ్మే దుకాణం, వాళ్లమ్మాయి యాదమ్మది నా ఈడే. మేం కిరస్తానీ వాళ్లమని బాలమణి అత్తగారు మా ఇంటి నీళ్లు ముట్టేది కాదు. పండుగకు పంపిన గర్జెల పళ్లెం మాత్రం ఖాళీగా తిరిగొచ్చేది. ఎవరు తిన్నారో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

యాదమ్మా నేనూ అరుగు మీద కచ్చకాయలు ఆడుతుంటే ఐదేళ్ల సామేలు మధ్యలో ఒక కాయ ఎత్తుకుని ఉరికేవాడు. వాణ్ని తరుముకుంటూ ఇద్దరం స్టేషను దాకా పోయి తన్నులు తిన్న రోజులున్నాయి. ఆదివారం పొద్దున్నే తెల్లబట్టలు కట్టుకుని ఆబిడ్స్ దగ్గరి మా గుడికి నడిచిపోయేవాళ్లం. ఆబిడ్స్‌లో దొరలు కొనుక్కునే దుకాణాల అద్దాల ముందు సామేలు ఆగిపోయేవాడు. ఒకదాంట్లో పెట్టిన నల్లటి తోలు బూట్ల జత తనదేనని వాడి నమ్మకం. ప్రతివారం అద్దానికి ముక్కు ఆనించి చూసి, "ఇంకున్నయి నాయి" అని నిమ్మళపడి కదిలేవాడు. నాయన నవ్వుకునేవాడు గానీ కాదని ఎప్పుడూ అనలేదు.

మా అమ్మ పేరు సంతోషమ్మ. మెదక్ దిక్కు పల్లెలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో పాటు క్రీస్తు మతంలో కలిసి, మిషను హాస్టల్లో నాలుగక్షరాలు నేర్చుకుంది. గొంతు పెద్దది. విసిరినా, రుబ్బినా, గిన్నెలు తోమినా నోట్లో కీర్తన ఆడాల్సిందే. నా తర్వాత పుట్టిన బిడ్డ దక్కకపోతే, దేవుణ్ణి అడిగి అడిగి కన్న కొడుకని వాడికి సామేలని పేరు పెట్టుకుంది.

ఆ వానాకాలం గత్తర స్టేషను వైపు నుంచే వచ్చిందన్నారు. పొద్దున మోరీలో కాగితం పడవ వేసిన పిల్లవాడు దీపాలు పెట్టే వేళకు కళ్లు లోతుకు పోయి, పెదాలు ఎండి, అమ్మ చేతుల్లో వేలాడిపోయాడు. దవాఖానకు టాంగాలో తీసుకుపోయారు. తిరిగొచ్చింది కూడా అదే టాంగా, నాయన ఒళ్లో దుప్పటి మూట. మర్నాడు సఫాయి వాళ్లు వచ్చి వాడి బట్టలన్నీ వీధిలో కుప్ప పోసి కాల్చారు. పండుగకని అమ్మ ముందే కుట్టిపెట్టిన పసుపు అంగీ, వాడు ఒక్కసారి కూడా తొడగనిది, అందులోనే పోయింది. గడప గడపకూ తెల్లపొడి చల్లారు, బావిలో ఎర్రమందు వేశారు. ఆ నీళ్లు చాలా రోజులు గులాబీ రంగులో ఉండేవి. తాగాలంటే నాకు భయం.

చావు జరిగిన ఇంట్లో సంఘమంతా కూడి బైబిలు వాక్యం చెప్పి ప్రార్థన చేసే కూటాన్ని మేం ఆదరణ కూడిక అంటాం. మా ఇంట్లో అది జరిగిన నాడు చాపలు చాలక గోనెలు పరిచారు. అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు, చెడ్డమనిషి కాడు. దొరల దగ్గర చదువుకుని, శోకాలు పెట్టి ఏడవడం అజ్ఞానుల అలవాటని గట్టిగా నమ్మినవాడు. ప్రార్థన మధ్యలో అమ్మ "ఓ కొడుకా" అని గొంతెత్తింది. పల్లెల్లో ఆడవాళ్లు ఏడ్చే తీరు అది. పోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తూ, వాళ్ల ముచ్చట్లన్నీ రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. అయ్యగారు చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మా, మనము నిరీక్షణ గలవారము. బిడ్డ ప్రభువునందు నిద్రించెను. నిద్రించిన వాని కొరకు ఈలాగు ఏడ్వదగునా?"

అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. వెళ్లేటప్పుడు ఆడవాళ్లంతా ఎంత విశ్వాసం, ఎంత ఓర్పు అని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆనాటి నుంచి అమ్మ గొంతు పోయింది. మాట్లాడినా "అన్నం తిను", "తలుపు పెట్టు" వంటి మాటలే. వండేది గానీ ఉప్పు మరిచిపోయేది. నా జడ సగం అల్లి వదిలేసి గోడకేసి చూస్తూ కూర్చునేది. గుడిలో అందరూ కీర్తన పాడుతుంటే పెదాలు కదపకుండా నిలబడేది. నాయన కమలాపండు ఒలిచి చేతిలో పెడితే అట్లాగే పట్టుకుని ఉండేది, ఎండిపోయిందాకా. తమ్ముడు పోయాడు సరే, అమ్మ కూడా పోయిందేమోనని, ఇంట్లో తిరుగుతున్నది ఎవరో వేరే మనిషేమోనని నేను బెదిరిపోయాను. నన్ను దగ్గరికి తీసుకుంటుందేమోనని ఆమె కొంగు పట్టుకుని వెంట తిరిగేదాన్ని. కొంగు దొరికేది, అమ్మ దొరికేది కాదు.

అయ్యగారి "నిద్రించెను" అన్న మాట నన్ను పట్టుకుంది. నా పక్కలోనే పడుకుని రోజూ పొద్దున లేచినవాడు ఒకసారి ప్రభువునందు నిద్రిస్తే పెట్టెలో పెట్టి మట్టి కప్పారు కదా, ఇక నేను కళ్లు మూస్తానా? మధ్యాహ్నం పడుకోమంటే గోడకు ఆనుకుని తొడ గిల్లుకుంటూ కూర్చునేదాన్ని. బడిలో కునికితే ఉలిక్కిపడి ఏడ్చేదాన్ని. మనిషిని చిక్కి సగమయ్యాను. ఎందుకని అడిగినవాళ్లు లేరు, అడిగినా చెప్పడం నాకు రాదు.

మరుసటి ఏడు చలికాలం యాదమ్మకు జ్వరం తగులుకుంది. వైద్యులు మారారు, తాయెత్తులు మారాయి, జ్వరం మాత్రం దిగలేదు. ఒకనాటి పొద్దున గోడ అవతల బాలమణి కేక వినిపించింది. వాకిట్లో అమ్మ గిన్నెలు తోముతోంది. కేక విని చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని లేచి నిలబడింది. చేతుల బూడిద కడుక్కోకుండానే నా మణికట్టు పట్టుకుని గోడ చుట్టూ తిరిగి వాళ్లింటికి నడిచింది.

వాకిట్లో ఈతచాప మీద యాదమ్మను పడుకోబెట్టారు. నుదుట కుంకుమ పెద్దగా పెట్టారు. చుట్టూ ఆడవాళ్లు. గడపలో కూర్చున్న బాలమణి అత్తగారికి చూపు ఆనదు.

"ఎవరాడ?" అంది.

"కిరస్తానీ సంతోషమ్మ" అన్నారెవరో.

ముసలామె గొంతు వినిపించిన వైపు తల తిప్పింది. తర్వాత, "రానియ్యుండ్రి" అంది.

అమ్మ పోయి బాలమణి పక్కన మట్టిలో కూలబడి, ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, ఏడాదిన్నరగా మూసుకున్న నోరు తెరిచింది.

"బిడ్డో, యాదమ్మా... కచ్చకాయలు కొంగుల కట్టుకుంటివి గద బిడ్డో... అత్తా అత్తా అనుకుంట నా గోడకాడికొస్తివి గద బిడ్డో... యాడికి వోతివే నా బిడ్డో..."

నాకు తెలిసిన ఆ పెద్ద గొంతే. పాటకు వాడిన గొంతు ఏడుపుకు తిరిగితే ఎట్లా ఉంటుందో అప్పుడే విన్నాను. ఆడవాళ్లు అందుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు యాదమ్మ ముచ్చట్లు చెబుతూ ఏడుస్తుంటే, మళ్లీ అమ్మ వంతు వచ్చింది.

"పసుపంగి కుట్టి పెడితి గదరా... ఒక్కపారన్న తొడగకపోతివి గదరా... ఓ సామేలూ, నా కొడుకా..."

వాకిలంతా ఒక్కసారి సద్దుమణిగింది. ఒకరి చావింట్లో వేరే చావు పేరెత్తడం కీడంటారు. ఒకామె "ఏందమ్మా గిది?" అని విసుక్కుంది. అమ్మకు తాను ఏమన్నదీ అప్పుడు తెలిసింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. ఈసారి మూస్తే ఆ నోరు ఇక తెరుచుకోదని నాకు తెలుసు. ఎట్లా తెలుసో చెప్పలేను.

బాలమణి తల ఎత్తింది. అమ్మ చేతులను పట్టి నోటి మీది నుంచి కిందికి లాగింది. లాగి, తానే రాగం అందుకుంది.

"ఓ సామేలూ, బిడ్డా... మా యాది ఒక్కతే వస్తున్నది బిడ్డా... దానికి చీకటంటే భయ్యం కొడుకా... నువు తోడుండు కొడుకా... దాని చెయ్యి వట్టుకో కొడుకా..."

ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చారు. వాళ్లను చూసి అందరూ ఏడ్చారు. మా ఇంటి నీళ్లు ముట్టని ఆ ముసలామె గడపలోంచే "సామేలూ" అని రెండుసార్లు పిలిచింది. మా ఇంట్లో అన్ని నెలలు ఎవరూ పలకని ఆ పేరును అంతమంది నోట విని నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి.

ఇంటికొచ్చాక అమ్మ స్నానం చేసి, తడిజుట్టుతోనే చాప మీద కూర్చుని నన్ను ఒళ్లోకి లాక్కుంది. నా మొహం పట్టి చూసి, "కండ్లేందే గిట్లున్నయి? పండుకుంటలేవా?" అంది. అప్పుడు చెప్పాను, పండుకుంటే తమ్ముడిలాగే మట్టిలో పెడతారని. అమ్మ నన్ను గుండెకు అదుముకుంది.

"నిద్ర కాదు బిడ్డా. సచ్చిపోయిండు. మన సామేలు సచ్చిపోయిండు. వాన్ని లేపేది ప్రభువు, ఆయన ఎన్నడు లేపుతడో మనకు తెల్వది. నిన్ను నేను లేపుత. పండుకో."

పట్టపగలు ఆమె ఒళ్లో పడి నిద్రపోయాను. మాట ప్రకారం ఆమే లేపింది.

సంగతి గుడికి చేరకుండా ఉంటుందా? విగ్రహాలు పెట్టుకునే ఇంట్లో కూర్చుని శోకాలు పెట్టిందని అయ్యగారు ఇంటికొచ్చి మందలించాడు. అమ్మ తల వంచుకునే జవాబు చెప్పింది.

"దోస్తు సమాధికాడ నా ప్రభువు గూడ ఏడ్చిండు గదయ్యా. ఆయన ఏడ్చినంక నేనెట్ల ఊకుంటనయ్యా?"

అయ్యగారు లేచి వెళ్లిపోయాడు, ఆపైన కొన్నాళ్లు ఆమెను ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వలేదు. రొట్టె, ద్రాక్షారసం అందరికీ అందుతుంటే అమ్మ చివరి వరసలో కూర్చుని కళ్లనీళ్లు తుడుచుకునేది. అది ఆమెకు నిజంగా నొప్పి. అయినా ఆ చివరి వరసలోంచే మళ్లీ కీర్తన అందుకుంది. ముందు వరసలవాళ్లు తలతిప్పి చూసేంత గట్టిగా పాడేది. ఒక ఆదివారం ఏ మాటా లేకుండానే గిన్నె ఆమె దాకా వచ్చింది. అయ్యగారికి ఏం తోచిందో ఎవరికీ చెప్పలేదు.

అమ్మ దుఃఖం తీరిపోయిందని నేను చెప్పను. పసుపుబట్ట కొనడం జన్మలో మళ్లీ చేయలేదు. కానీ ఇంట్లోకి మా అమ్మ తిరిగొచ్చింది. "నా ఏడ్పు ప్రభువు ఇన్నడు. ఇగ నేను ఇనాలె" అనేది. నాంపల్లిలో గానీ, లక్డీకాపూల్ అవతల ఖైరతాబాద్ దాకా గానీ, ఏ ఇంట్లో చావు జరిగినా కులం అడగకుండా పోయేది. సాయిబుల ఇండ్లలో శోకం పెట్టడం సమ్మతం కాదు గనక అక్కడ ఆడవాళ్ల చేతులు పట్టుకుని ఊరికే కూర్చునేది. రాజ్యం మారిన గడబిడ రోజుల్లో మగవాళ్లు ఇల్లు విడిచిపోతే శవం కూడా తిరిగిరాని ఇండ్లుండేవి, వాళ్లకు ఏడవడానికి కూడా ధైర్యం చాలేది కాదు. అమ్మ పోయి, ఆ మనిషి పేరేందో చెప్పమని అడిగి, తానే మొదలుపెట్టేది. వాక్యం ఎప్పుడు చెబుతావని ఎవరో అడిగితే, "ముందుగాల ఏడ్వనీ" అంది.

ఇప్పుడు ఆ గల్లీ లేదు. బావి పూడ్చి లాడ్జి కట్టారు, పెంకుటిళ్ల జాగాలో బట్టల గోదాములు లేచాయి. బాలమణి ముందే పోయింది. ఆమెకు అమ్మ చివరిదాకా కూర్చుని ఏడ్చింది. ఆ రోజు ఏడుపు అందుకున్న ఆడవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

అమ్మ తొంభైకి దగ్గరపడి కన్నుమూసింది. ఆదరణ కూడిక ఫంక్షన్ హాల్లో పెట్టాం. మైకులో ముగ్గురు మాట్లాడారు, మంచి మాటలే చెప్పారు, వచ్చినవాళ్లందరికీ భోజనాలు పెట్టాం. నా చెల్లెలి వరసైన ఒకావిడ నా చెవిలో, "అక్కా, పెద్దమ్మకు శోకం పెట్టవా?" అంది. నేను నోరు తెరిచాను. "అమ్మా" అని ఒక్కమాట వచ్చింది, రాగం రాలేదు. ఆమె ఎన్ని ఇండ్లలో ఏడ్చిందో వెంట ఉండి చూసినదాన్ని, ఆ ఏడుపు నేర్చుకోవాలని మాత్రం నాకు ఎప్పుడూ తట్టలేదు. హాలంతా వెతికి చూశాను. అంతమందికి పేరు పెట్టి ఏడ్చిన మా అమ్మకు, పేరు పెట్టి ఏడవడం వచ్చిన మనిషి ఒక్కరూ అక్కడ లేరు.